తులసికోట రెండు చోట్ల ఉంది

బాబాయ్ గ్రూపులో పెట్టిన లింకు మధ్యాహ్నం నుంచి తెరవకుండా ఉంచాను. వంటిల్లు సర్దుకున్నాక ఇప్పుడు తెరిచాను. కూల్చబోతున్న మా గుంటూరు బ్రాడీపేట ఇల్లు మొత్తం, ఒకబ్బాయి ఫోనుతో స్కాన్ చేసిన 3డి బొమ్మగా, నా ఫోనులో గుండ్రంగా తిరుగుతోంది. వేలితో లాగితే వీధి అరుగు, ఇంకొంచెం లాగితే మండువా. చిన్నది నా భుజం మీంచి తొంగి చూసి, "అమ్మా, తాతమ్మ ఉయ్యాల కొక్కేలు కూడా వచ్చాయి!" అంది. నిజంగానే వచ్చాయి. సంతోషం వేసింది.

తర్వాత పెరటివైపు తిప్పాను. తులసికోటలు రెండున్నాయి. పక్కపక్కనే, ఒకదాంట్లోకి ఒకటి సగం చొచ్చుకుపోయి. ఫోను పట్టుకుని ఇల్లంతా చుట్టి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి లెక్క కాస్త కాస్త పక్కకి జరుగుతుంది. అప్పుడు అదే గోడ ఇంకోచోట పడుతుంది. పని తెలిసినవాళ్లు ముందే అక్కడక్కడ గుర్తులు అంటించి, వాటి మధ్య దూరం టేపుతో కొలిచి, తర్వాత దాన్ని సరిచేస్తారు. ఈ బొమ్మ తీయడానికి వచ్చిన అబ్బాయి అరగంటలో తిరిగేసి వెళ్లిపోయాడట. సామాన్ల గది ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ. తాళంచెవి దొరకలేదట. అటక లేదు. నుయ్యి గిలక దాకా ఉంది, లోపలి వరలు లేవు.

ఇవన్నీ ఎలాగో సర్దుకునేదాన్ని. కింద బాబాయ్ రాసిందే మింగుడు పడట్లేదు. "ఇల్లు కంప్యూటర్‌లో శాశ్వతంగా ఉంటుంది, ఇక ఎవరూ బాధపడక్కర్లేదు" అట. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు, చెల్లితో సహా. ఇల్లు బిల్డర్‌కి ఇవ్వాలా వద్దా అనే వాదన సంక్రాంతికే అయిపోయింది, దాన్ని మళ్లీ తవ్వను. బాబాయ్ ఇబ్బందులు బాబాయ్‌వి. కానీ అరగంటలో తీసిన బొమ్మ చూపించి ఇక బాధపడొద్దంటే ఎలా? ఇల్లు పోతోందంటే బాధపడే హక్కయినా ఉంచాలి కదా. ఆ బొమ్మలో మండువా వెడల్పు కొలిస్తే ఒక మూల నుంచి ఒకటి వస్తుంది, ఇంకో మూల నుంచి ఇంకొకటి. రేపు ఎవరైనా చదువుకునే పిల్లలు గుంటూరులో పాత ఇళ్లు ఎలా కట్టారని అడిగితే, వాళ్లకి దీంతో ఏం తెలుస్తుంది?

కప్పు సంగతే చూడండి. బొమ్మలో కిందినుంచి కనిపించేది టేకు దంతెలు, అంటే కప్పుని మోసే సన్నటి దూలాలు, వాటి మీద ఇటుకల అంచులు. అంతే. దాని పైన ఏముందో నాకు తెలుసు, చూశాను కాబట్టి. నా చిన్నప్పుడు ఓ ఎండాకాలం వంటింటి వైపు మిద్దె కారుతోందని తాతయ్య ఆ భాగం విప్పించారు. దంతెల మీద ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, ఐమూలగా పేర్చుకుంటూ వెళ్లారు. దానిమీద ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి పరిచారు. ఆ తర్వాతే అసలు పని. ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని చిన్న చెక్క దిమ్మెలతో కొట్టడం మొదలుపెట్టారు. పొద్దున మొదలైతే పొద్దుగూకేదాకా, రోజుల తరబడి. ఒకావిడ పాట అందుకునేది, మిగతా చేతులు ఆ పాటతోపాటు పడేవి. పక్కన గోలెంలో కరక్కాయలూ బెల్లమూ నానేసిన నీళ్లు. అవి చల్లుతూ కొట్టేవాళ్లు. బెల్లం అన్నారు కదా అని వేలు ముంచి నాకాను, ఆ వగరు అన్నం తిన్నా వదల్లేదు. మేస్త్రి గారు వచ్చి తానొక దెబ్బ కొట్టి చూసేవారు. దిమ్మె దిగబడకుండా ఎగిరొస్తే ఆ జాగాకి పని అయినట్టు. ఆ ఏడాది వానలకి చుక్క కారలేదు. మే నెల మధ్యాహ్నం ఆ కప్పు కింద పడుకున్నవాళ్లకి తెలుసు అదేమిటో. ఈ విజయవాడ ఫ్లాట్‌లో రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగ కక్కుతోంది.

ఇదంతా ఈయనకి చెబితే, "అసలు ఏమీ తీయకపోతే?" అన్నారు.

దానికి జవాబు చెప్పలేకపోయాను. మన అమరావతి బౌద్ధ స్తూపమే ఉంది. కంపెనీ సర్వే అధికారి మెకంజీ ఆ దిబ్బని 1798 ప్రాంతంలో మొదట చూశాడు. మళ్లీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి చాలా పోయింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్న రోజుల్లో ఆ దిబ్బని ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేశారు. చెక్కిన రాళ్లని సున్నానికి కాల్చారు కూడా. అప్పుడు మెకంజీ మనుషులు కూర్చుని గీసిన బొమ్మల్లోని శిల్పాలు కొన్ని ఇవాళ లండన్ మ్యూజియంలో లేవు, చెన్నై మ్యూజియంలో లేవు, ఆ కాగితాల మీదే ఉన్నాయి. వాళ్లు గీయకపోతే అవి ఉండేవని కూడా మనకి తెలిసేది కాదు. కాబట్టి బొమ్మ ఎందుకని నేను అనను. అరగంటది చాలదు అంటాను.

పారిస్‌లో నోటర్‌డామ్ చర్చి 2019లో కాలిపోతే, అంతకు చాలా ముందే ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ లేజర్‌తో తీసిన కొలతలు పనికొచ్చాయి. కానీ కాలిపోయిన కప్పు దూలాలకి, 2014లో ఇద్దరు ఆర్కిటెక్టులు పైకెక్కి ఒక్కొక్కటీ కొలిచి గీసిన డ్రాయింగులు కూడా కావలసి వచ్చాయి. 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. అటక ఎక్కినవాళ్లు ఉండబట్టే కదా.

కూల్చే రోజు నేను రానని సంక్రాంతికి అందరి ముందూ చెప్పాను. చూడలేననుకున్నాను. ఇప్పుడు వెళ్లాలనిపిస్తోంది. కప్పులో ఏముందో కనిపించేది అది విరిగిన రోజే. ఏ పొర ఎంత మందం, ఇటుక ఏ కొలత, దంతె గోడలోకి ఎంత దిగింది, ఇవి టేపు ఆనించి ఫొటో తీయాలంటే ఆ ఒక్క రోజే వీలు.

బాబాయ్‌కి రాశాను: "సామాన్ల గది తాళం పగలగొట్టిద్దాం బాబాయ్, కొత్త తాళం డబ్బులు నేనిస్తాను. వంటింటి వైపు కప్పు మాత్రం మిషన్‌తో లాగొద్దని, ఒక మూల చేత్తో విప్పమని బిల్డర్‌కి నువ్వే చెప్పు. నువ్వు చెబితే వింటారు." మేస్త్రి గారబ్బాయి పాత గుంటూరులోనే పని చేస్తున్నాడని చెల్లి ఎప్పుడో అంది. నంబరు కనుక్కుని పొద్దున్నే పంపమన్నాను, అతన్ని కూడా రమ్మంటాను.