తాతయ్య కవర్లు: నాలుగు ఆదివారాల పని

మొదటి ఆదివారం

నల్గొండ ఇంట్లో తాతయ్య ఇనుప పెట్టె తెరిస్తే 63 పాత ఉత్తరాల కవర్లు లెక్కకు వచ్చాయి. వాటిని వేరుచేసి, ధర తేల్చి, భద్రపరచాలనుకున్నాను. అందులో ఐదింటికి స్టాంపులు లేవు. చిన్నప్పుడు వేడినీళ్లలో నానబెట్టి ఊడదీసి ఆల్బంలో అతికించింది నేనే. ఒక కవరు మూలన నల్లటి అర్ధచంద్రం మిగిలింది. తపాలా ముద్రలో సగం, ఊరి పేరులో సగం. మిగతా సగం స్టాంపుతో వెళ్లిపోయింది. దాన్ని చూస్తే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ముద్ర స్టాంపు మీదా కవరు మీదా కలిసి పడినప్పుడే ఆ స్టాంపు ఆ ఉత్తరం మీదే ప్రయాణించిందని నమ్మకం కుదురుతుంది.

రెండో ఆదివారం

దేవరకొండ నుంచి వచ్చిన కవరు ఒక్కదానితోనే పొద్దంతా గడిచింది. దాని మీద నిజాం తపాలావారి చార్మినార్ బొమ్మ, ఒక అణా స్టాంపు. ఆ వరుస 1931లో వచ్చింది. చాలా ఏళ్లు వాడారు కాబట్టి విడి స్టాంపు సులభంగానే దొరుకుతుంది. విలువంతా చదవగలిగే ముద్రలో, చిరగని కవరులో ఉంది. టార్చిలైటును పక్క నుంచి వేసి భూతద్దంతో చూశాను. ఒక మూల స్టాంపు అంచు పళ్లు రెండు పొట్టిగా ఉన్నాయి, వెనక పిన్ను తుప్పు మరక ఉంది. రెండూ ధర తగ్గించేవే. నోట్‌బుక్‌లో దాచకుండా రాసుకున్నాను.

నిజాం స్టాంపులు సంస్థానం లోపలే చెల్లేవి. అందుకే ఆ కాలంలో సంస్థానం బయట ఉన్న బెజవాడకు వెళ్లిన ఉత్తరం మీద చార్మినార్ స్టాంపు ఒక్కటే ఉందని ఎవరైనా చూపిస్తే ముందు అనుమానించాలి. 1950 ఏప్రిల్ 1న ఆ తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న కవర్లను వేరుగా పెట్టాను.

మూడో ఆదివారం

మిగతావి త్వరగా తేలిపోయాయి. 1957 ఏప్రిల్ 1న అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. అణాల స్టాంపు, నయాపైసల స్టాంపు పక్కపక్కన ఉన్న కవరు ఒక్కటే దొరికింది, దాన్ని పైన పెట్టాను. బంగ్లాదేశ్ శరణార్థుల సహాయానికి అదనంగా ఐదు పైసల స్టాంపు అంటించినవి, 1971 నవంబరు నుంచి 1973 మార్చి వరకు వచ్చినవి, పదకొండు ఉన్నాయి. చరిత్ర ఉన్నవే, కానీ అప్పట్లో అందరూ అంటించాల్సిందే కాబట్టి ధర పెద్దగా రాదు.

ధర కోసం అమ్మేవారు అడిగే మొత్తాన్ని కాక, వేలంలో నిజంగా అమ్ముడైన మొత్తాన్ని చూస్తున్నాను. స్టాంపుల ధరల కేటలాగులో విడి స్టాంపుకు వేసిన ధర కవరుకు వర్తించదు.

నాలుగో ఆదివారం

ఒక్కో కవరునూ ఒక్కో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తొడుగులో నిలబెట్టాను. పీవీసీ తొడుగులు, లామినేషన్, సెల్లోటేపు దగ్గరకు రానివ్వలేదు. పాత టేపు ఉన్నచోట పీకకుండా వదిలేశాను.

సాయంత్రం పాత ఆల్బం తిరగేస్తుంటే మూడో పేజీలో ఒక స్టాంపు మీద మిగతా అర్ధచంద్రం కనిపించింది. కవరు పక్కన పెడితే అక్షరాలు కలిశాయి: మిర్యాలగూడ. మళ్లీ అతికిస్తే అది కొనేవారిని మోసం చేయడమే. రెండింటినీ ఒకే తొడుగులో పక్కపక్కన పెట్టి, ఊడదీసిన సంగతి పెన్సిల్‌తో చీటీ మీద రాసి జత చేశాను.