నొక్కేశాను సార్

మా ఆఫీసులో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకునేది నేనే. మూడేళ్ల కిందట అకౌంట్స్ మేడం ఇన్వాయిస్ అని వచ్చిన మెయిల్లో లింకు నొక్కి, పాస్‌వర్డ్ కూడా కొట్టేశారు. ఆ నిమిషమే అనుమానం వచ్చిందట. నాకు చెప్పింది మాత్రం మూడో రోజు.

"అప్పుడే చెప్పొచ్చు కదండీ?" అన్నాను.

"పోయినసారి పెన్‌డ్రైవ్ పెట్టినందుకు మీటింగులో అందరి ముందూ అడిగారుగా" అన్నారు.

అడిగింది నేనే. ఏం మాట్లాడను? సైబర్ దాడిని గమనించిన 6 గంటల్లోపు తమకు తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో నిబంధన పెట్టింది. ఆఫీసులో మనిషి నోరు విప్పడానికే మూడు రోజులు పడితే ఆ గడియారం ఎప్పుడు మొదలవ్వాలి?

ఆ తర్వాత ఆఫీసులో ఒక రూలు పెట్టించాను. సప్లయర్ బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కునేదాకా డబ్బు పంపకుండా ఎవరైనా ఆపొచ్చు, పంపమన్నది ఎండీ గారైనా సరే. ఈ రూలుకు ఆయన్ని ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. చివరికి బంగ్లాదేశ్ బ్యాంకు కథ పనిచేసింది. 2016లో ఆ బ్యాంకు పేరుతో డబ్బు పంపమని దొంగలు పంపిన ఒక ఆదేశంలో 'ఫౌండేషన్' కాస్తా 'ఫాండేషన్' అయింది. మధ్యలో ఉన్న బ్యాంకు వాళ్లు ఇదేంటని అడగడంతో 2 కోట్ల డాలర్లు ఆగాయి. అప్పటికే 8.1 కోట్లు ఫిలిప్పీన్స్ చేరిపోయాయనుకోండి.

రూలు వచ్చాక మొదట ఆపింది, చేరి ఆర్నెల్లు కూడా కాని కుర్రాడు. తీరా చూస్తే ఖాతా నిజంగానే మారింది! సప్లయర్ విసుక్కున్నాడు. ఎండీ గారు మొహం చిట్లించారు కానీ కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆయన ఏదైనా అని ఉంటే నా రూలు కాగితం మీదే ఉండేది.

మర్నాడు ఆ కుర్రాడే తనకి అనుమానం ఎందుకొచ్చిందో అందరూ రాసుకునే ఫైల్లో రాశాడు. తర్వాత మిగతావాళ్లు మొదలుపెట్టారు. కౌంటర్ దగ్గర మన క్యూఆర్ మీద ఇంకొకరి స్టిక్కర్ అంటించి ఉందని స్టోర్స్ ఆయన రాశారు. అది నా కంటికి ఎప్పటికీ పడేది కాదు. సర్వర్ బ్యాకప్ పద్ధతి మాత్రం మా సీనియర్ ఇంకా తలలోనే దాచుకున్నారు. అడిగితే, "నేనున్నాగా" అంటారు. నేనూ అంతే, డెంగీతో పది రోజులు పడుకునేదాకా రౌటర్ సంగతులు ఎక్కడా రాయలేదు.

పోయిన వారం మధ్యాహ్నం అకౌంట్స్ మేడం ఫోన్ చేశారు. "సార్, మళ్లీ నొక్కేశాను. ఇప్పుడే. మెయిల్ ఇంకా స్క్రీన్ మీదే ఉంది, రండి."