మేలిముసుగు నాలుగోసారీ లొంగలేదు

ముసుగేసుకున్న రెబెకా శిల్పాన్ని పెన్సిల్‌తో గీద్దామని నిన్న మళ్లీ సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లొచ్చాను. రెబెకా ముఖం వచ్చింది, ముసుగు రాలేదు. వచ్చిందల్లా గాయానికి చుట్టిన కట్టులా ఉంది. ఇది నాలుగో ప్రయత్నం. బస్సులో ఇంటికొచ్చేదాకా బొమ్మల పుస్తకం తెరిచి చూడాలనిపించలేదు.

ఈ రెండు నెలల్లో మిగతావన్నీ బాగానే సాగాయి. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లో (లోహపు రేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మ) మేకను పది నిమిషాల్లో దించేశాను. ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా ఉన్న చెక్కబొమ్మలో, వెనకున్న అద్దంలో కనిపించే మార్గరెట్టా తల వంచిన తీరు కూర్చున్నపళంగా కుదిరింది. వాటి గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు. నన్ను నిద్రపోనివ్వనిది రెబెకానే.

ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్లినప్పుడు కొన్నాడు. తెలుగు బైబిల్లో ఈమె పేరు రిబ్కా. ఒంటె దిగి, ఎదురొస్తున్నవాడు తను పెళ్లాడబోయే ఇస్సాకు అని తెలియగానే ముసుగేసుకుంటుంది, ఆ క్షణమే ఈ బొమ్మ. కళ్లు కిందికి వాలి ఉంటాయి. ముసుగులోంచి ముక్కు, పెదవులు కనిపిస్తున్నాయని చూసినవాళ్లందరూ అంటారు. కానీ పాలరాయిలోంచి ఏదీ కనిపించదు. అక్కడున్నది ఒక్కటే ఉపరితలం. గుడ్డా అదే, బుగ్గా అదే. నా తిప్పలన్నీ అక్కడే.

మొదటిసారి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల) కాగితం మీద హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లతో ముందు ముఖం వేసి, దాని మీద ముడతలు గీశాను. పదహారేళ్ల పిల్ల కాస్తా డెబ్బయ్యేళ్ల అవ్వ అయింది. గుడ్డ ముడత ఏదైనా బుగ్గ మీదికి రాగానే చర్మం ముడతగా మారిపోతోంది. రెండోసారి తిరగేసి, ముందు ముడతలు, వాటి సందుల్లో ముఖం. కిటికీ కర్టెన్ వెనక ఎవరో నిలబడ్డట్టు వచ్చింది. మూడోసారి స్టంప్‌తో, అంటే పెన్సిల్ గీతల్ని రుద్దే కాగితపు చుట్టతో, మొత్తం మెత్తగా రుద్దాను. పొగమంచు. (స్టంప్ మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. తప్పుల్ని దాస్తుంది గానీ దిద్దదు.) నిన్న స్ట్రాత్‌మోర్ గ్రే టోన్డ్ (బూడిదరంగు) కాగితం తీసుకెళ్లాను. నీడలకు పెన్సిల్, వెలుగుకు తెల్ల పెన్సిల్. కాగితం మాత్రం అద్భుతం, డబ్బులు పెట్టినందుకు బాధ లేదు. కానీ ప్రతి ముడత మీదా తెల్లగీత పడేసరికి కట్టులా తేలింది.

నిన్నటి లెక్కలు రాసి పెడుతున్నాను, వచ్చేసారి పనికొస్తాయి. బొమ్మకు సుమారు రెండున్నర మీటర్ల దూరంలో, కాస్త ఎడమకు నిలబడ్డాను. కాగితం మీద నుదుటి నుంచి గడ్డం దాకా 11 సెంటీమీటర్లు. ముఖం మీదుగా పోయే ముడతలు మొదటిసారి ఏడు లెక్కపెట్టాను, రెండోసారి తొమ్మిది, నిన్న ఆరు. అవి మారవు కదా! మారుతున్నది నేను ఎక్కడి దాకా ముడత అనుకుంటున్నానో, ఎక్కడి నుంచి బుగ్గ అనుకుంటున్నానో అదే. తెలుపు 1, నలుపు 10 అనుకుని తెలుపు నుంచి నలుపు దాకా ఛాయల పట్టీ ఒకటి గీసుకెళ్లి, చెయ్యి చాచి ముఖానికి పక్కగా పట్టుకుని చూశాను. కంటిగుంట 7 ఉంటుందనుకున్నాను, 5 కూడా లేదు. ముఖం మొత్తం 2కీ 5కీ మధ్యే తిరుగుతోంది. నా బొమ్మలో 1 నుంచి 8 దాకా ఉన్నాయి. సగం తప్పు ఇక్కడే అని నా అనుమానం.

రెండో సగం నిన్న రాత్రి ఇంట్లో బయటపడింది. గుడ్డ ఎలా పడుతుందో చూద్దామని వరలక్ష్మీ వ్రతానికి పెట్టే ఇత్తడి ముఖం అడిగితే అమ్మ ఒప్పుకోలేదు. అమ్మవారి ముఖం మీద తడిగుడ్డేమిటంది. అదీ నిజమే. బొమ్మల కొలువులోంచి మట్టిబొమ్మ తీసి, తడిపిన మల్లు గుడ్డ కప్పి, టేబుల్ ల్యాంప్ పక్కనుంచి పెట్టాను. కళ్లూ పెదవులూ చక్కగా కనిపించాయి. పొంగిపోయి అమ్మను పిలిచాను. ఒక్క చూపు చూసి, "కళ్లకు కాటుక రంగుండబట్టి కనిపిస్తున్నాయి. నీ రాతిబొమ్మకు రంగేదీ?" అంది. పెన్సిల్ కింద పెట్టేశాను.

అమ్మన్నది నిజం. రంగు లేకుండా గుడ్డ కింద ముఖముందని చెప్పాలంటే బెంజోనికి ఎత్తుపల్లాలు తప్ప ఇంకేమీ లేవు. మొబైల్‌లో తీసుకున్న ఫొటో పెద్దది చేసి రాత్రి ఒంటిగంట దాకా చూశాను. కనురెప్ప అంచు ఎక్కడా పదునుగా లేదు. గుంట ఉంది, రెప్ప ఉబ్బు ఉంది, అంచు లేదు. పదునంతా గుడ్డ ముడతకే ఇచ్చాడు. ఆ ముడత కంటి దగ్గర ఆగకుండా, వంగకుండా రెప్ప మీదుగా దాటిపోతుంది. మెత్తగా ఉన్నది లోపలుందని, పదునుగా ఉన్నది పైనుందని మన కన్నే తీర్మానించుకుంటుంది. నేనేమో నాలుగుసార్లూ కన్ను అందంగా రావాలని రెప్ప అంచునే సూదిమొన పెన్సిల్‌తో దిద్దాను! దాంతో కన్ను గుడ్డ పైకి వచ్చేసింది. ఇదే అసలు కారణమని ముప్పాతిక వంతు నమ్మకం కుదిరింది. మిగతా పాతిక, గీసి చూస్తేగానీ తేలదు.

వచ్చే మంగళవారం ముఖం మొత్తం జోలికి పోను. ఎడమ కన్ను, దాని మీదుగా పోయే ఒక్క ముడత, నాలుగు సెంటీమీటర్ల చదరం, అంతే. పట్టీలో 5 దాటకుండా ఉండేందుకు నల్లగా పడే 2బీ ఇంట్లోనే వదిలేసి హెచ్‌బీ, 2హెచ్ మాత్రమే తీసుకెళ్తాను. గట్టి పెన్సిళ్లలో స్టెడ్‌లర్ లూమోగ్రాఫ్‌కు సాటి లేదు, మొన చాలాసేపు నిలుస్తుంది. పదకొండున్నరకే చేరుకోవాలి. పన్నెండు దగ్గర పడేసరికి జనమంతా మ్యూజియం గడియారంలోని బొమ్మ పన్నెండు గంటలు కొట్టడం చూడ్డానికి పరిగెడతారు. నిన్న 11:54 నుంచి 12:07 దాకా రెబెకా ముందు నేనూ, ఒక పెద్దాయనా తప్ప ఎవరూ లేరు. ఆ పదమూడు నిమిషాలు ఎంతో విలువైనవి. శుక్రవారం మ్యూజియంకి సెలవన్నది మర్చిపోయి ఒకసారి గేటు దాకా వెళ్లొచ్చాను, మీరు వెళ్లేట్టయితే గుర్తుంచుకోండి.

ఇదే శిల్పి చెక్కిన రెబెకా ఒకటి అట్లాంటాలో హై మ్యూజియంలో ఉంది. అక్కడున్న మా పిన్ని కూతుర్ని కంటి దగ్గర పక్కనుంచి ఒక ఫొటో తీసి పంపమన్నాను. వేరే వెలుతురులో ఆ ముడత ఎలా ఉందో చూడాలి.

ఇంకో ఆలోచన కూడా తొలుస్తోంది. అమరావతి బుద్ధుడి ఒంటిమీద బట్టను చూశారా? ఒంటి గుండ్రదనం ఎక్కడా చెడదు, దాని మీదుగా వరసగా ముడతల గీతలు పోతుంటాయి. కింద మెత్తన, పైన గీత. బెంజోని కన్నా పదహారు పదిహేడు వందల ఏళ్ల ముందు మనవాళ్లు అదే పని సున్నపురాయి మీద చేశారు. ముసుగు నేర్చుకోవడానికి ముందు ఆ భుజం దగ్గరి గీతలు గీయడం నేర్చుకోవాల్సిందేమో. దసరా సెలవుల్లో అమ్మను తీసుకుని అమరావతి మ్యూజియంకి వెళ్తాను. గ్రే కాగితాలు ఇంకా పద్దెనిమిదున్నాయి.