ఆందోళన ముందు ఒంట్లోనే తెలుస్తుంది

మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆగితే ఎవరికైనా చెమటలు పడతాయి, అది ఆందోళన కాదు. ఏసీ గదిలో కూర్చున్నా అరచేతులు తడుస్తుంటే మాత్రం గమనించాలి. ప్రమాదమేదో ఉందనుకుని ఒళ్లు అడ్రినలిన్ అనే హార్మోన్ వదిలితే గుండె దడ, కడుపులో తిప్పడం, మెడ బిగుసుకోవడం, మాటిమాటికీ బాత్రూంకి పరుగు. మనవాళ్లు దీన్ని గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతుంటారు!

మనసు చేసే పనులు ఇంకా మోసం. స్టవ్ ఆపేశానా అని మూడోసారి చూడటం, ఫోన్ మోగినా ఎత్తకపోవడం, పెళ్లికి వెళ్లకుండా సాకులు వెతకడం. నా లెక్కలో ఈ తప్పించుకోవడమే అసలు గుర్తు. తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, అందుకే భయం ముదురుతుంది.

రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయండి: టైము, అప్పుడేం చేస్తున్నారు, ఒంట్లో ఏమైంది, తీవ్రత 10కి ఎంత. కాఫీ, టీలు ఎన్ని తాగారో కూడా. కెఫీన్ దడ అచ్చం ఇలాగే ఉంటుంది. ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 అనే ప్రశ్నావళిలో 7 ప్రశ్నలు, గరిష్ఠంగా 21 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరును కలవండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలూ అడగండి, వాటి లక్షణాలూ ఇలాగే ఉంటాయి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416, ఉచితం. ఛాతీ నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకితే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.