వాకర్ పట్టని బాత్‌రూమ్

పోయిన శ్రావణంలో ఒక తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో తడి టైల్ మీద కాలు జారి పడ్డాను, ఎడమ తుంటి ఎముక విరిగింది. నొప్పి సంగతి అలా ఉంచండి, ఆ రోజు నన్ను భయపెట్టింది తలుపు. లోపలికి తెరుచుకునే తలుపది, నేను దానికి అడ్డంగా పడి ఉన్నాను, మా ఆయన బయటి నుంచి నెట్టినప్పుడల్లా నా కాలికే తగులుతోంది. "కొంచెం జరగగలవా" అని ఆయన, జరగలేక నేను. ఫైబర్ తలుపు కాబట్టి మా అబ్బాయి దాన్ని కోసి లోపలికి రాగలిగాడు.

తుంటి కీలు మార్చారు. వారం తర్వాత వాకర్‌తో ఇంటికొచ్చాను. తుంటి 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కింద కూర్చోకూడదు, ఎత్తు తక్కువ పీట మీద కూడా కూర్చోకూడదు అని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. తీరా చూస్తే వాకరే బాత్‌రూమ్‌లోకి పట్టలేదు. తలుపు తెరిచాక మిగిలే సందు 23 అంగుళాలు, వాకర్ వెడల్పు 24. ఒక్క అంగుళం! ఆ అంగుళం వల్ల నెలన్నర పాటు పడకగదిలో కమోడ్ కుర్చీ మీదే అన్నీ, కోడలు తీసి పారబోస్తుంటే నేను గోడవైపు తిరిగి ఏడ్చేదాన్ని. తనేమో "ఏంటత్తయ్యా, మా అమ్మకైతే చెయ్యనా" అనేది.

నడక కాస్త కుదిరాక మేస్త్రీని పిలిపించాం. ఈసారి టేపు నేనే పట్టుకున్నాను. నాలుగున్నర అడుగుల వెడల్పున్న బాత్‌రూమ్, పక్క సామాన్ల గదిలోంచి రెండడుగులు కలిపితే ఆరున్నర అయింది. తలుపు మూడడుగులది, బయటికి తెరుచుకునేది పెట్టించాం, గడియ బయటి నుంచి కూడా తీయొచ్చు. గడప తీసేసి నేల వాలు సరిచేశారు. కమోడ్ 18 అంగుళాల ఎత్తు, దాని మధ్య నుంచి గోడకి ఒకటిన్నర అడుగు, పట్టుకుని లేవడానికి గోడలోకి బిగించిన స్టీలు రాడ్. టవల్ రాడ్ పట్టుకుని లేవాలని మాత్రం చూడకండి, అది మనిషి బరువు మోయదు.

కమోడ్‌కి రెండోవైపు ఖాళీ చూసి మేస్త్రీ, "అమ్మగారూ, ఇక్కడ వాషింగ్ మెషీన్ చక్కగా పడుతుందండీ" అన్నాడు. "అది మనిషి నిలబడే చోటు నాయనా" అన్నాను. నన్ను లేపేవాళ్లు ఎక్కడ నిలబడాలో పాత బాత్‌రూమ్ కట్టించినప్పుడు మాకెవరికీ తట్టలేదు, టైల్స్ రంగు గురించే వారం రోజులు మాట్లాడుకున్నాం.

మూడో నెలలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని నా అంతట నేను స్నానం చేశాను. కోడలు బయటే నిలబడి, "ఉన్నారా అత్తయ్యా" అని నిమిషానికోసారి పిలుస్తూనే ఉంది. నేను కావాలనే ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసుకున్నాను.