నాలుగో పుస్తకంతో మొదలుపెట్టాను

"రాత్రిపూట మాత్రం చదవకే" అంటూ నా ఫ్రెండ్ ఆ పుస్తకం చేతిలో పెట్టింది. అది సిరీస్‌లో నాలుగోదన్న ముక్క మాత్రం చెప్పలేదు. ట్యానా ఫ్రెంచ్ రాసిన ‘బ్రోకెన్ హార్బర్’ అనే డిటెక్టివ్ నవల, 2012లో వచ్చింది. యాభై పేజీలు దాటాక ఎందుకో ముందు పేజీలు తిరగేస్తే, దీనికన్నా ముందు మూడున్నాయని తెలిసింది. నేను సినిమాకి పది నిమిషాలు లేటయినా లోపలికి వెళ్లని రకం. పక్కన పెట్టేద్దామనుకున్నాను. కానీ అప్పటికే కథలోని ఆ ఇంటి గోడల్లో కన్నాలు చూసేశాను.

డబ్లిన్‌కి దూరంగా, సముద్రం ఒడ్డున సగం కట్టి వదిలేసిన కాలనీ. 2008లో ఐర్లండ్‌లో రియల్ ఎస్టేట్ కుప్పకూలాక బిల్డర్లు ఇలా ఎక్కడివక్కడ వదిలేసి పోయిన కాలనీలు దేశమంతా ఉండేవి. అలాంటి చోట ఒక ఇంట్లో తండ్రి, ఇద్దరు పిల్లలు హత్యకు గురయ్యారు. తల్లి కొన ఊపిరితో ఆసుపత్రిలో ఉంది. ఇల్లు అద్దంలా ఉంటుంది. గోడలకు మాత్రం ఎవరో పనిగట్టుకుని కోసిన కన్నాలు. అటక మీది రంధ్రానికి మేకులు కొట్టి బిగించిన ఇనుప వల. పసిపిల్లల గదిలో పెట్టుకునే బేబీ మానిటర్లు ఇల్లంతా. ఆ ఇంట్లో పసిపిల్లలే లేరు! ఇంక పుస్తకం ఎలా మూస్తాం?

అసలు ఇబ్బంది డిటెక్టివ్‌తో వచ్చింది. పేరు మిక్ కెనెడీ, కథ చెప్పేది ఆయనే. గతంలో ఏదో కేసు బెడిసికొట్టిందంటాడు, వివరం చెప్పడు. ఆ సముద్రం పేరెత్తితే మాట తప్పిస్తాడు. చెల్లెలి నుంచి ఫోన్ వస్తే చాలు, మనిషి మారిపోతాడు. ఇవన్నీ ముందు పుస్తకాల్లో వచ్చేసి ఉంటాయి, అందరికీ తెలుసు, నాకే తెలియదు అనిపించి ఒకటే చిరాకు. నెట్‌లో చూద్దామంటే హంతకుడెవరో కంటపడుతుందేమోనని భయం. చివరికి ఒక చీటీ మీద మూడు ప్రశ్నలు రాసి పేజీల మధ్య పెట్టుకున్నాను: ఏ కేసు? సముద్రంలో ఏం జరిగింది? చెల్లెలికి ఏమైంది?

మధ్యలో ఇంటరాగేషన్లు బాగా సాగాయి. ఒకచోట రెండు రోజులు ఆగిపోయాను కూడా. తర్వాత వదల్లేదు.

పూర్తయ్యాక చీటీ తీసి చూసుకుంటే నవ్వొచ్చింది. సముద్రం సంగతీ, చెల్లెలి సంగతీ ఈ పుస్తకంలోనే ఉన్నాయి. నేనేదో మిస్సయ్యానని కుమిలిపోయింది రచయిత్రి కావాలని దాచిపెట్టినవాటి గురించి. మొదటినుంచీ వరసగా చదివినవాళ్లకీ అవి అప్పుడే తెలుస్తాయి. ముందు పుస్తకానికి చెందింది ఆ చెడిపోయిన కేసు ఒక్కటే.

దానికోసం వెనక్కి వెళ్లి మూడోది, 2010లో వచ్చిన ‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’ పట్టుకున్నాను. ఈ సిరీస్ పద్ధతే అది: 2007 నుంచి 2016 దాకా ఆరు పుస్తకాలు, ప్రతిదానికీ కొత్త కథకుడు. మొదటిదాన్ని మినహాయిస్తే, ఆ కథకులంతా అంతకుముందు ఏదో ఒక పుస్తకంలో వేరేవాళ్ల కథలో పాత్రలుగా కనిపించినవాళ్లే. అందుకే ఏ కేసుకా కేసు విడిగా నిలబడుతుంది. మూడోదాన్ని చెప్పేది ఫ్రాంక్ మ్యాకీ అనే ఇంకో పోలీసు. అతని కళ్లతో చూస్తే మన కెనెడీ గొప్పలకు పోయే, రూల్స్ పట్టుకు వేలాడే మనిషి. నాకు కోపం వచ్చింది, నిజంగానే. నాలుగు వందల పేజీలు ఆయన తలలో కూర్చుని వచ్చానాయె! కాసేపటికి, ఆయన తన గురించి తాను చెప్పిందంతా నేను ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మేశానని వెలిగింది. వరసలో చదివినవాళ్లు ముందు మ్యాకీ మాట విని, తర్వాత కెనెడీని అనుమానంగానే కలుస్తారు. నాకు అది తలకిందులుగా జరిగింది. ఏది మేలో తేల్చుకోలేకపోతున్నాను గానీ, నా కెనెడీ మీద నాకింకా జాలే.

ఇప్పుడు మొదటిది తెచ్చుకున్నాను. అందులో కథ చెప్పే డిటెక్టివ్ తాను అబద్ధాలాడతానని మొదట్లోనే ఒప్పేసుకుంటాడు. కొత్త చీటీ ఒకటి తీసి పెట్టుకున్నాను.