ఏ జైపూర్?

ఆదివారం. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు.

పొద్దున్నే పెద్దమ్మ ఫోన్ చేసింది, ఒరిస్సా జైపూర్ నుంచి. మోకాళ్ళు చూపించుకోడానికి వచ్చే నెల విజయనగరం వస్తుందట. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగితే ఆవిడకి వాంతులు. అందుకని, "విశాఖకి విమానమైతే ఎంతసేపే?" అని అడిగింది. మావాడు ఫోన్‌లో జైపూర్ అని కొట్టి, "పన్నెండొందల అరవై కిలోమీటర్లు, రెండు గంటలు" అని చదివాడు. "ఏటిరా, సాలూరు కొండెక్కితే వచ్చీ ఊరికి రెండు గంటలేటి?" అని అమ్మ లేచింది. చూస్తే అది రాజస్థాన్ జైపూర్!

స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, ఊరుకోలేకపోయాను. కరెంటు బిల్లు వెనక మొదలుపెట్టాను. జైపూర్ విమానాశ్రయం 18.88 ఉత్తర అక్షాంశం, 82.55 తూర్పు రేఖాంశం. విశాఖది 17.72, 83.22. అక్షాంశంలో తేడా 1.16 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 129. రేఖాంశంలో తేడా 0.67. ఇక్కడే మావాడు దొరికిపోయాడు, దాన్నీ 111తోనే గుణించాడు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి కదా, మన దగ్గర డిగ్రీకి 105 మాత్రమే. అంటే 70. ఇక పదో తరగతి పైథాగరస్. 147 కిలోమీటర్లు వచ్చింది. లండన్‌కైతే భూమి గుండ్రమని గుర్తుపెట్టుకుని వేరే సూత్రం పట్టుకోవాలి గానీ, ఇంత దగ్గరకి చదును లెక్క చాలు.

147 చూసి అమ్మ నమ్మలేదు. బస్సు కొరాపుట్, సుంకి, సాలూరు, గజపతినగరం మీదుగా తిరిగి తిరిగి వస్తుంది. విమానానికి ఆ మలుపులతో పనేముంది!

టైము దగ్గర మళ్ళీ పేచీ. అలాంటి చిన్న ఊళ్ళకి తిరిగేవి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ లాంటివి, ఒకే ఇంజను. గంటకి 300 కిలోమీటర్లు వేసుకుంటే అరగంట. "అరగంటే అమ్మమ్మా!" అని మావాడు అరిచాడు. ఆగరా అన్నాను. రన్‌వే దాకా దొర్లాలి, కొండల్ని దాటేంత ఎత్తుకి ఎక్కాలి, మళ్ళీ దిగాలి. జైపూర్ సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది, విశాఖ రన్‌వే దాదాపు సముద్రమట్టంలోనే. ముప్పావుగంట వేశాను. గాలి ఎదురొస్తే ఇంకాస్త.

అసలు లెక్క ఆ తర్వాతది. ఇంటి నుంచి విమానాశ్రయానికి ఆటో, ముందే వెళ్ళి కూర్చోడం గంటకి పైనే, గాల్లో ముప్పావుగంట, విశాఖలో సామాను తీసుకుని విజయనగరం రావడానికి దగ్గర దగ్గర రెండు గంటలు. మొత్తం నాలుగు దాటింది. బస్సుకి ఆవిడ చెప్పేది అయిదు.

సాయంత్రం కరెంటు వచ్చాక ఫోన్ చేసి, అంతా విడమరిచి చెప్పాను. పెద్దమ్మ ఓపిగ్గా విన్నది.

"మరి ఆ తొమ్మిది సీట్లదాంట్లో కాళ్ళు చాపుకోడానికి ఉంటాదేటే?"

నా బిల్లు వెనక ఆ లెక్క లేదు.